నాటి దినారుకు ఏ లెక్క? పాత మారకపు రేట్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచే. అన్నిటా కువైట్ దినారు గొడవే. చాలామంది "ఫలానా సంవత్సరం దినారు ఎంత?" అని మాత్రమే అడిగారు. ఆ ఒక్క మాటకు జవాబు చెప్పలేం. ఏ తేదీ, ఎవరి రేటు, ఏ పనికి అన్నవి తెలిస్తేనే లెక్క తేలుతుంది. అందుకే వివరాలు పూర్తిగా రాసినవారి ప్రశ్నలనే తీసుకున్నాం.

ప్రశ్న (రాయచోటి): మా అన్న 1985 నుంచి 1999 దాకా కువైట్‌లో డ్రైవరు. మధ్యలో యుద్ధమప్పుడు వచ్చేసి, మళ్లీ పోయినాడు. నాయన పేరు మీద డబ్బు పంపినాడు. దాంతో ఇల్లు కట్టినాం, మూడెకరాల మామిడితోట కొన్నాం. నాయన పోయినాక ఇప్పుడు భాగాల మాట వచ్చింది. "నేను పంపిన ప్రతి దినారుకూ ఈనాటి రేటు కట్టండి" అంటాడు అన్న. 1988లో పంపిన 400 దినార్లే లక్ష దాటుతాయంట. పెద్దమనుషులు కూడా తల ఊపుతున్నారు. ఆనాటి రేటు ఎంత? ఇట్లా లెక్క కట్టడం సబబేనా?

జవాబు: 1988లో డాలరు సగటున 14 రూపాయలకు కాస్త తక్కువ. దినారు విలువ మూడున్నర డాలర్లకు పైమాట. ఆ లెక్కన దినారు సుమారు 50 రూపాయలు, 400 దినార్లు ఇంటికి చేరేసరికి 20,000 రూపాయలు. 2024 సగటు రేటు సుమారు 272 రూపాయలు. దాంతో కడితే అవే 400 దినార్లు 1,08,800 అవుతాయి. మీ అన్న చెప్పే "లక్ష పైన" అన్నది ఇదే.

ఇంతకీ మీ నాయన ఖాతాలో పడ్డవి దినార్లు కావు, రూపాయలు. దినారుగా ఉన్నది కువైట్‌లో చెల్లించిన ఆ రోజు వరకే. అక్కడ రూపాయిలోకి మారిన క్షణంలోనే దాని రేటు ఖాయమైపోయింది. ఆ తర్వాత దినారు ఎంత పెరిగినా ఆ డబ్బుకు సంబంధం లేదు. కాబట్టి ఈనాటి రేటు కట్టడం లెక్క ప్రకారం తప్పు.

అట్లని "20,000 ఇస్తాం, సరిపెట్టుకో" అనడమూ న్యాయం కాదు. 1988లో 20,000 పెట్టి కొన్నది ఈరోజు 20,000కు రాదు కదా. ధరల పెరుగుదలను లెక్కలోకి తేవాలంటే ఆదాయపు పన్ను శాఖ ప్రకటించే వ్యయ ద్రవ్యోల్బణ సూచీ వాడవచ్చు. పాత వరుసలో 1988-89కి 161, 2001-02కి 426. కొత్త వరుసలో 2001-02ను 100 అనుకుని మొదలుపెట్టారు, 2024-25కి 363. రెండు వరుసల్ని 2001-02 దగ్గర అతికించాలి: 426ను 161తో భాగించి 3.63తో గుణిస్తే 9.6 వస్తుంది. అంటే 20,000 రూపాయలు 1,92,000 అవుతాయి.

ఇక్కడే మీ అన్న గమనించని సంగతి ఒకటుంది. దినారు 50 నుంచి 272కి చేరిందంటే ఐదున్నర రెట్లు కూడా కాలేదు. ధరలు తొమ్మిదిన్నర రెట్లు అయ్యాయి. పైగా ఈ సూచీ పట్టణ ధరల పెరుగుదలలో 75 శాతాన్నే పట్టుకుంటుంది. ఈనాటి రేటు కోసం పట్టుబట్టి ఆయన తన భాగాన్ని తానే తగ్గించుకుంటున్నాడు!

మిగతా ఏళ్లకు సుమారు సగటు రేట్లు ఇవి, పంచాయితీలో పనికొస్తాయి: 1985లో 41 రూపాయలు, 1990లో యుద్ధానికి ముందు 60 దగ్గర, 1995లో 109, 2000లో 146. ఆ తర్వాత పదేళ్లు దినారు పెద్దగా కదల్లేదు: 2005లో 151, 2010లో 160. మళ్లీ 2015కి 213, 2020కి 242. ఇవన్నీ ఏడాది సగటులు. పద్దు మొత్తం మీద కొలతకు సరిపోతాయి గానీ ఒక్కొక్క డ్రాఫ్టుకు సరిపోవు. 2013 సగటు 206 అయితే, రూపాయి కుప్పకూలిన ఆ ఆగస్టు 28న దినారు 240 దగ్గరికి పోయింది.

మీ అన్న పంపిన కాలంలో మూడు చోట్ల జాగ్రత్త పడాలి. ఒకటి, 1990 ఆగస్టు 2న ఇరాక్ ఆక్రమించాక కువైట్ దినారును ఇరాకీ దినారుతో సమానమని బలవంతంగా ప్రకటించారు. అప్పటి నుంచి 1991 వసంతం దాకా సవ్యమైన మార్కెట్ రేటంటూ లేదు. ఆ నెలలకు కూడా రేటు చూపే పట్టికల్లో చాలావరకు పాత రేటునే మళ్లీ మళ్లీ వేసి ఉంటారు. రెండు, 1991 జూలై 1, 3 తేదీల్లో రూపాయి విలువ తగ్గించారు. డాలరు 21 నుంచి దాదాపు 26కి పోయింది. మూడు, 1992 మార్చి నుంచి 1993 ఫిబ్రవరి దాకా రెండు రేట్ల పద్ధతి నడిచింది. బయటి నుంచి వచ్చిన డబ్బులో 40 శాతానికి అధికారిక రేటు, 60 శాతానికి మార్కెట్ రేటు. అధికారిక రేటు 25.90, మార్కెట్ రేటు 30 అనుకుంటే డాలరుకు చేతికొచ్చేది 28.36. ఆ ఏడాదికి పట్టికలో ఒకే రేటు కనబడితే అది ఏ రేటో చూడకుండా వాడొద్దు.

రుజువుల మాట. అన్నిటికంటే గట్టిది పాస్‌బుక్కులో జమ అయిన రూపాయల మొత్తం. అది ఉంటే రేటు వెతికే పనే లేదు. ఆ రోజుల్లో ఎక్కువగా వచ్చినవి రిజిస్టరు పోస్టులో రూపాయల డ్రాఫ్టులు. వాటికి రేటు ఖాయమయ్యేది కువైట్‌లో డ్రాఫ్టు కొన్న రోజున, ఇక్కడ బ్యాంకులో వేసిన రోజున కాదు. మధ్యలో రెండు మూడు వారాల తేడా ఉంటుంది కాబట్టి డ్రాఫ్టు మీది తేదీనే పట్టుకోవాలి. హవాలా మీద వచ్చినవాటికి కాగితమే ఉండదు. అప్పటి రేటు ఇంత అని నోటిమాటగా చెప్పేదాన్ని పద్దులో కలపకపోవడం మేలు.

అన్నకు ఆస్తిలో ఎక్కువ వాటా హక్కుగా వస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి వకీలును అడగండి, రేట్ల పట్టికను కాదు.

ప్రశ్న (కడప): రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో డాలరు, పౌండు, యూరో, యెన్ ఉన్నాయి. కువైట్ దినారు కనబడదు. పాత తేదీకి దినారు రేటు నమ్మకంగా ఎట్లా పట్టుకోవాలి?

జవాబు: దినారుకు రిజర్వు బ్యాంకు రిఫరెన్సు రేటు (రోజూ ప్రకటించే ప్రామాణిక రేటు) లేదు. 2018 జూలై 10 నుంచి ఈ రేట్లను ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రకటిస్తోంది. అందులోనూ దినారు లేదు. అందుకని డాలరు మీదుగా తిప్పి కట్టాలి. దీన్నే క్రాస్ రేటు అంటారు.

ముందు ఆ రోజు డాలరుకు ఎన్ని రూపాయలో రిజర్వు బ్యాంకు పాత రేట్ల విభాగంలోనో, ఎఫ్‌బీఐఎల్‌లోనో తీసుకోండి. తర్వాత అదే రోజు డాలరుకు ఎన్ని దినార్లో కువైట్ సెంట్రల్ బ్యాంకు వెబ్‌సైటులో చూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. డాలరు 83 రూపాయలు, డాలరుకు 0.307 దినారు అనుకోండి. 83ను 0.307తో భాగిస్తే 270.36. చాలామంది ఇక్కడ గుణిస్తారు. అప్పుడు 25.48 వస్తుంది. అంత చిన్న సంఖ్య కనబడగానే తిరగేశామని తెలుసుకోవచ్చు.

అసలు చిక్కు తేదీల దగ్గర. మన విదేశీ మారక మార్కెట్‌కు శని, ఆదివారాలు సెలవు. కువైట్‌లో శుక్ర, శనివారాలు. అంటే రెండు చోట్లా పని జరిగేది సోమవారం నుంచి గురువారం దాకానే. 2007 సెప్టెంబరుకు ముందైతే అక్కడ గురు, శుక్రవారాలు సెలవు. అప్పటి తేదీలకు సోమ, మంగళ, బుధవారాలే మిగులుతాయి. మీ తేదీ శుక్రవారమైతే కువైట్ వైపు గురువారపు రేటు తీసుకుని, ఆ మాట పక్కన రాసిపెట్టండి. దినారు డాలరు మీద ఒక్క రోజులో పెద్దగా కదలదు కాబట్టి తేడా పైసల్లోనే ఉంటుంది. రూపాయి వైపు మాత్రం రోజు మార్చొద్దు.

నేరుగా దినారు రేటే కావాలనుకునేవారికి పెద్దగా ఎవరూ చెప్పని చోటు ఒకటుంది: కస్టమ్స్. దిగుమతి, ఎగుమతి సరుకుల విలువ కట్టడానికి కస్టమ్స్ బోర్డు నెలకు రెండుసార్లు, మొదటి, మూడో గురువారాల్లో రేట్లు ప్రకటిస్తుంది. ఆ జాబితాలో కువైట్ దినారు ఉంటుంది. 2024 జూలై నుంచి ఇవి కస్టమ్స్ వారి ఐస్‌గేట్ వెబ్‌సైటులో వస్తున్నాయి. అంతకు ముందువి నోటిఫికేషన్ల రూపంలో దొరుకుతాయి. రెండు నిలువు వరుసలుంటాయి, దిగుమతికి ఎక్కువ, ఎగుమతికి తక్కువ. రెంటి మధ్య సంఖ్య మార్కెట్ రేటుకు దగ్గరగా ఉంటుంది. మంగంపేట బెరైటీసు ఖనిజం గల్ఫ్‌కు పంపేవారికి ఈ పట్టిక కొత్తేమీ కాదు.

1990లకు ముందు రోజువారీ రేట్లు వెతకడం శ్రమ. రూపాయి-డాలరు సగటులు రిజర్వు బ్యాంకు ఏటా వేసే గణాంకాల హ్యాండ్‌బుక్‌లో 1970-71 నుంచి ఉన్నాయి. దినారు-డాలరు రేట్లు అంతర్జాతీయ ద్రవ్యనిధి గణాంకాల్లో దొరుకుతాయి. మన హ్యాండ్‌బుక్‌లో సగటు ఏప్రిల్ నుంచి మార్చి దాకానా, జనవరి నుంచి డిసెంబరు దాకానా అన్నది చూసుకోండి. ఒకవైపు ఆర్థిక సంవత్సరం, ఇంకోవైపు క్యాలెండరు సంవత్సరం కలిపి కట్టిన క్రాస్ రేటు ఎందుకూ కొరగాదు. 1991-92 లాంటి ఏట అది బాగా దారి తప్పిస్తుంది.

సగటు తీసేటప్పుడు ఇంకో గుంట ఉంది. కువైట్ మారకపు కంపెనీలు కొన్ని "దినారుకు ఇన్ని రూపాయలు" అని, కొన్ని "వెయ్యి రూపాయలకు ఇన్ని దినార్లు" అని రేటు పెడతాయి. ఒక నెల 250, ఇంకో నెల 300 అయితే సగటు 275. అదే వెయ్యి రూపాయలకు 4.000, 3.333 దినార్లు అని సగటు తీసి తిరగేస్తే 272.73 వస్తుంది. రెండూ తప్పు కావు. నెలనెలా ఒకే దినార్లు పంపితే మొదటిది సరి, ఒకే రూపాయలు ఇంటికి చేరేలా పంపితే రెండోది సరి.

ఫిల్సులు మరవొద్దు. దినారుకు వెయ్యి ఫిల్సులు కాబట్టి పాయింటు తర్వాత మూడు అంకెలుంటాయి. రసీదులో 120.500 అని ఉంటే నూట ఇరవై దినార్ల ఐదువందల ఫిల్సులు. దాన్ని లక్షా ఇరవై వేల ఐదువందలుగా ఎక్కించిన పద్దులు ఉన్నాయి.

ప్రశ్న (అనంతపురం): ఒకప్పుడు కువైట్‌లో మన రూపాయే చెల్లేదని మా ప్రొఫెసర్ అన్నారు. నిజమా? అప్పుడు మారకపు రేటు ఎట్లా ఉండేది?

జవాబు: నిజమే. కువైట్, బహ్రెయిన్, ఖతార్ లాంటి చోట్ల వాడుకలో ఉన్నది భారత రూపాయే. కాబట్టి మారకపు రేటన్న మాటే లేదు. ఆ రూపాయలతో బంగారం కొని దొంగతనంగా ఇక్కడికి తెచ్చేవారు. ఆ రూపాయలు తిరిగి మన దగ్గరికే వచ్చి, వాటికి మనం పౌండ్లు చెల్లించాల్సి వచ్చేది. దాన్ని ఆపడానికి 1959లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి గల్ఫ్‌కు వేరే నోట్లు వేశారు. రంగు వేరు, వరుస సంఖ్య ముందు 'జెడ్' అక్షరం ఉంటుంది. విలువ మాత్రం మన రూపాయితో సమానం.

కువైట్ 1961 ఏప్రిల్ 1న సొంత దినారు తెచ్చుకుంది. ఒక దినారుకు ఒక పౌండు, అంటే పదమూడు రూపాయలా మూడోవంతు. 1966 జూన్ 6న మన రూపాయిని డాలరుకు 4.76 నుంచి 7.50కి దించగానే దినారు 21 రూపాయలైంది. 1967 నవంబరులో పౌండు విలువ తగ్గించినప్పుడు కువైట్ దాని వెంట పోలేదు. మన రూపాయీ మారలేదు. అందుకే పౌండు 21 నుంచి 18 రూపాయలకు దిగినా, దినారు 21 దగ్గరే నిలిచింది. "దినారు అంటే పౌండు" అని పాత పుస్తకంలో చదివి 1967 తర్వాతి లెక్కలకు కూడా దాన్నే వాడితే తప్పుతుంది.

మీ పరిశోధనకు ఇంకో రెండు తేదీలు. దినారును 1975 మార్చి 18న కొన్ని కరెన్సీల బుట్టకు ముడివేశారు. 2003 జనవరి 5 నుంచి 2007 మే 19 వరకు డాలరుకు కట్టేశారు, డాలరుకు 299.63 ఫిల్సులు, అటూ ఇటూ మూడున్నర శాతం కదలిక. 2007 మే 20 నుంచి మళ్లీ బుట్టే. బుట్టలో ఏది ఎంతో బయటికి చెప్పరు. డాలరు బరువే ఎక్కువని మాత్రం రేటు నడక చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న (ప్రొద్దుటూరు): ఫోనులో దినారు 272.40 అని చూపిన రోజునే బ్యాంకు నాకు 267 కట్టింది. చేతిలో ఉన్న నోట్లు మారిస్తే ఇంకా తక్కువ. ఇది మోసం కాదా?

జవాబు: కాదు. ఫోనులో కనబడేది బ్యాంకులు తమలో తాము కొనే, అమ్మే రేట్ల నడిమి అంకె. ఆ రేటుకు మామూలు మనిషికి ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు. బంగారు అంగళ్ల ఊరివారు కాబట్టి మీకు చెప్పాల్సిన పని లేదు: కొనే ధర ఒకటి, అమ్మే ధర ఒకటి.

బ్యాంకు రోజూ వేసే రేట్ల పట్టీని కార్డు రేట్ల కాగితం అంటారు. అందులో టి.టి. (నోట్లు లేకుండా ఖాతా మార్గంలో వచ్చే బదిలీ) కొనుగోలు, టి.టి. అమ్మకం, బిల్లుల కొనుగోలు, అమ్మకం, నోట్ల కొనుగోలు, అమ్మకం అని వరుసలుంటాయి. ఖాతాకు వచ్చిన డబ్బుకు టి.టి. కొనుగోలు రేటు వర్తిస్తుంది. నోట్ల కొనుగోలు ఇంకా తక్కువ, ఎందుకంటే ఆ నోట్లను దాచి, బీమా కట్టి, వెనక్కి పంపే ఖర్చు బ్యాంకుది. దినారు లాంటి తక్కువ వాడుక కరెన్సీకి ఈ ఎడం డాలరు కంటే ఎక్కువ. కార్డు రేటు చిన్న మొత్తాలకే. 10 లక్షలు దాటే సొమ్మైతే ఆ రోజు ట్రెజరీ రేటు (పెద్ద మొత్తాలకు బ్యాంకు విడిగా ఇచ్చే రేటు) అడగండి, మెరుగ్గా వస్తుంది.

పైన జీఎస్టీ ఉంటుంది. లక్ష లోపు మార్పిడికి మొత్తంలో 1 శాతాన్ని, కనీసం 250 రూపాయల్ని సేవ విలువగా పట్టి దాని మీద 18 శాతం వేస్తారు. 80,000 రూపాయల మార్పిడికి 144 రూపాయలు.

కువైట్ మారకపు కంపెనీ నుంచి రూపాయలుగానే వచ్చిన డబ్బుకు మాత్రం ఇక్కడి బ్యాంకు రేటు వర్తించదు. మార్పిడి అక్కడే అయిపోయింది. తగువు ఉంటే అక్కడి రసీదు మీదే.

ప్రశ్న (కడప): నేను పదకొండేళ్ల తర్వాత కువైట్ నుంచి వచ్చేసినాను. ఆడిటరు నెలనెలా జీతానికి మారకపు రేట్లు తెమ్మంటున్నాడు. ఏ రేటు ఇవ్వాలి?

జవాబు: ముందు అసలు అవసరమో కాదో తేల్చుకోండి. గత పది ఆర్థిక సంవత్సరాల్లో తొమ్మిదింట మీరు ప్రవాసి అయితే, లేదా గత ఏడేళ్లలో భారత్‌లో ఉన్నది 729 రోజులకు మించకపోతే, తిరిగొచ్చిన కొత్తలో మీరు "సాధారణ నివాసి కాని నివాసి". ఆ హోదాలో కువైట్‌లో సంపాదించి అక్కడే అందుకున్న జీతం మీద ఇక్కడ పన్ను లేదు. పదకొండేళ్లంటే ఈ కోవలోకే రావచ్చు. పాస్‌పోర్టు ముద్రలు పెట్టుకుని రోజులు లెక్కించండి.

పన్ను పడే ఆదాయమైతే, 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో 115వ నిబంధన వర్తిస్తుంది. స్టేట్ బ్యాంకు టి.టి. కొనుగోలు రేటు ఒక్కటే చెల్లుతుంది. ఇంటర్నెట్ సగటు, మీకు నిజంగా అందిన రేటు రెండూ కుదరవు. తేదీ కూడా మీరనుకునేది కాదు. జీతానికి, అది రావాల్సిన నెలకు ముందు నెల చివరి రోజు. ఆగస్టు జీతానికి జూలై 31 రేటు. డివిడెండుకు, ఆస్తి అమ్మకపు లాభానికి కూడా ముందు నెల చివరి రోజే. అక్కడి డిపాజిట్ వడ్డీకి మార్చి 31.

స్టేట్ బ్యాంకు తన వెబ్‌సైటులో ఆ రోజు కాగితాన్నే ఉంచుతుంది, పాతవి ఉండవు. ఇక్కడే అందరూ ఇరుక్కుంటారు. ఇకమీదట నెలాఖరున ఆ కాగితం దించి దాచుకోండి. గడిచిపోయిన నెలలకు విదేశీ మారకం చూసే బ్రాంచిలో రాతపూర్వకంగా అడగాలి. నెలాఖరు సెలవైతే అంతకుముందు వెలువడిన చివరి కాగితం తీసుకుని, ఆ తేదీ స్పష్టంగా రాయండి.

ప్రశ్న (మైదుకూరు): దినారు ఇంకా పెరుగుతుందా? డబ్బు అక్కడే ఆపమంటారా?

జవాబు: జోస్యం చెప్పం. 2000లో ఆపిన మనిషికి 2010 దాకా పదేళ్లలో దక్కింది పది శాతం లోపే. ఇక్కడ డిపాజిట్‌లో పెట్టి ఉంటే దానికి ఎన్నో రెట్లు వచ్చేది.

ప్రశ్న (రాజంపేట): మా నాయన పెట్టెలో పాత కువైట్ 10 దినార్ల నోట్లు తొమ్మిది ఉన్నాయి. ఆయన 1990లో కట్టుబట్టలతో వచ్చినవాడు. 90 దినార్లంటే మాకు చిన్న మొత్తం కాదు. ఎక్కడ మార్చుకోవాలి?

జవాబు: తేదీని బట్టి చూస్తే అవి 1980లో వచ్చిన మూడో వరుస (సిరీస్) నోట్లు అయివుండాలి. ఇరాక్ సైన్యం సెంట్రల్ బ్యాంకు నుంచి నోట్ల కట్టలు ఎత్తుకుపోయింది. అందుకని విముక్తి కాగానే 1991 మార్చి 24న కువైట్ నాలుగో వరుస వేసి, పాతవాటిని అదే ఏడు సెప్టెంబరు 30తో నిలిపేసింది. ఆ నోట్లను ఇప్పుడు ఏ బ్యాంకూ తీసుకోదు. రేటు ఎంతన్న ప్రశ్నే రాదు.

నోట్లు సేకరించేవారు కొంటారు. దొంగిలించిన వరుస సంఖ్యల నోట్లు ప్రపంచమంతా చెలామణిలో పడ్డాయి కాబట్టి ఈ వరుస అరుదేమీ కాదు. మడత పడని నోటుకే కాస్త ధర. ఇస్త్రీ చేయొద్దు, టేపు అంటించొద్దు. "90 దినార్లు, సగం ధరకే" అని ఎవరైనా మీకు అమ్మజూపినా ఇదే సంగతి గుర్తుంచుకోండి.

వరుస తెలియకపోతే ఇంకొక మాట: ఇప్పుడు చెల్లేది 2014లో వచ్చిన ఆరో వరుస మాత్రమే. ఐదో వరుస మార్పిడి గడువు కూడా 2025 ఏప్రిల్‌తో ముగిసింది. ఆ వరుస నోట్లు ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉండే ఉంటాయి.

ప్రశ్న (కర్నూలు): మా జేజినాయన తుంగభద్ర అవతల అలంపురం, గద్వాల వైపు శనగకాయల వ్యాపారం చేసేవాడు. ఆయన చిట్టాలో కొన్ని పద్దులు "హాలీ" అని, కొన్ని "కల్దారు" అని ఉన్నాయి. రెండూ కలిపి మొత్తం కట్టవచ్చా?

జవాబు: కలపకూడదు. అవి రెండు వేర్వేరు డబ్బులు. కర్నూలు వైపు చెల్లింది బ్రిటిష్ ఇండియా రూపాయి, వాడుకలో కల్దారు. ఏరు దాటితే నిజాం రాజ్యం, అక్కడ హాలీ సిక్కా. ఏటి ఒడ్డున వ్యాపారం చేసేవారికి పడవ కిరాయితో పాటు మారకమూ రోజువారీ ఖర్చే.

ఖజానా లెక్క ప్రకారం 100 కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ. విడ్డూరంగా కనబడుతుంది గానీ ఇది ఏడుకు ఆరు లెక్కే: ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలతో సమానం. చిట్టాలో హాలీ 350 అని ఉంటే ఆరుతో గుణించి ఏడుతో భాగించండి, 300 కల్దారు. అణాకు 12 చిన్న పైసలు, రూపాయికి 16 అణాలు. కాబట్టి భిన్నాలు వచ్చినప్పుడు మొత్తాన్ని 192తో గుణించి పైసల్లోకి దించి, భాగించాక తిరిగి ఎక్కించండి. పాయింటు పెట్టి దశాంశాల్లో చేస్తే అణాల దగ్గర తడబడతారు.

అయితే ఇది సర్కారు రేటు. సంతలో షరాబు (డబ్బు మార్చే వ్యాపారి) తీసుకునే వట్టం, అంటే మారకపు తరుగు, దీనికి అటూ ఇటూ ఉండేది. చిట్టాలో ఎక్కడైనా "వట్టం" అని విడిగా చిన్న పద్దు కనబడితే దాన్ని దాటిపోవద్దు. ఆ రోజు అసలు రేటు దాంట్లోనే ఉంటుంది. ఆ పద్దును మార్చిన మొత్తానికి కలిపి గానీ తీసి గానీ చూస్తే, సర్కారు రేటుకు ఎంత దూరమో తేలుతుంది.

"హాలీ" అని రాయని పద్దులు ఏ డబ్బో తెలియకపోతే తేదీ చూడండి. నిజాం వైపు పద్దులకు ఫసలీ (నిజాం రాజ్యంలో వాడిన కాలమానం) సంవత్సరం, అజూరు, దై, బహమన్ లాంటి నెలల పేర్లు ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే దగ్గరి ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, 1346 ఫసలీ అంటే 1936 అక్టోబరు నుంచి మొదలు. పత్రాల్లో "ఓ.ఎస్." అన్నది ఉస్మానియా సిక్కా, "బి.జి." అన్నది బ్రిటిష్ రూపాయి. 1950 తర్వాతి పద్దుల్లో నిజాం వైపు ఊళ్లలోనూ రెండు డబ్బులూ పక్కపక్కనే కనబడతాయి. హాలీ 1959 దాకా పూర్తిగా పోలేదు.